గుర్రం ఎగరావచ్చు, కానీ రేటెంత?

మలక్‌పేట రేస్‌కోర్సులో నాకు గుర్రాలను చూడటం నేర్పింది ఒక పెద్దాయన. రిటైరైన గుమాస్తా. చేతిలో నలిగిన రేస్ బుక్, చెవి మీద పెన్సిల్ ముక్క. మొదటిసారి వెళ్లినప్పుడు "కాకా, ఈ రేసుల ఏది గెలుస్తది?" అని అడిగాను. నవ్వి, బోర్డు వైపు పెన్సిల్ చూపించాడు. "ఏది గెలుస్తదో అందరూ చెప్తరు. ఎంతకు గెలుస్తదో చూడు తమ్మీ" అన్నాడు. ఆ మాట బుర్రకెక్కడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

రేసుల మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం గెలిచే గుర్రాన్ని ఎలా పట్టాలన్న దాని గురించే. అవేవీ అబద్ధాలు కావు. మన దగ్గర జరిగే రేసుల్లో ఎక్కువ భాగం హ్యాండిక్యాప్ రేసులు. అంటే గుర్రం సత్తాను బట్టి క్లబ్బు దానికో రేటింగ్ ఇస్తుంది, ఆ రేటింగ్‌ను బట్టి వీపు మీద బరువు పెడతారు. ఒక్కో పాయింటుకు అర కిలో. 60 కిలోలు మోసే గుర్రం పక్కన 50 కిలోలతో పరిగెత్తేది ఉందంటే, రెండింటి మధ్య 20 పాయింట్ల తేడా ఉందన్నమాట. అన్నీ ఒకేసారి గీత దాటాలన్నదే ఈ లెక్క పెట్టినవాళ్ల ఉద్దేశం. కాబట్టి "పోయినసారి గెలిచింది కదా" అని వేసేవాడు ఒక సంగతి మరిచిపోతాడు. గెలిచినందుకు దానికి రేటింగ్ పెరిగింది, ఈసారి ఆ బరువు మోయాలి. వరుసగా నాలుగు రేసులు ఓడి రేటింగ్ దిగిన గుర్రం, తనకు సరిపడే 1400 మీటర్ల రేసులో, మంచి జాకీతో కనిపిస్తే కాకా పెన్సిల్ అక్కడ ఆగేది.

ఇక పాడాక్. జీను వేసిన గుర్రాలను రేసుకు ముందు గుండ్రంగా నడిపించే చోటు అది. నాకు అక్కడ అన్నీ ఒకేలా నిగనిగలాడుతూ కనిపించేవి. కాకా వెనక కాళ్ల మధ్య చూడమనేవాడు. అక్కడ తెల్లటి నురగ కట్టి ఉంటే గుర్రం టెన్షన్‌లో ఉందని, సగం రేసు అక్కడే పరిగెత్తేసిందని ఆయన లెక్క. చెవులు, నడక, పొట్ట బిగువు... ఇవన్నీ చూశాక గానీ బుక్ తెరిచేవాడు కాదు. మొదటిసారి బ్లింకర్లు, అదే మనం గంతలంటామే, అవి కట్టారా అన్నది కూడా గమనించేవాడు. తెల్లవారుజామున ప్రాక్టీసులో గుర్రం 600 మీటర్లు 45 సెకన్లలో పరిగెత్తిందన్న వివరాలు ముందే అచ్చవుతాయి. వాటిని మాత్రం పెద్దగా నమ్మేవాడు కాదు. పగ్గం ఎంత బిగించి పట్టుకున్నారో గడియారం చెప్పదు కదా! మాన్సూన్ సీజన్‌లో వాన పడి ట్రాక్ మెత్తబడితే ఈ లెక్కలన్నీ తలకిందులవడమూ మామూలే.

చిక్కేమిటంటే, ఇవన్నీ కాకా ఒక్కడికే తెలిసినవి కావు. అదే రేస్ బుక్ పక్కవాడి చేతిలోనూ ఉంది. అందరి చదువూ కలిసి బోర్డు మీద రేటుగా, అంటే గెలిస్తే రూపాయికి ఎంత లాభమన్న లెక్కగా కనిపిస్తుంది. టోట్‌లో అయితే మరీ సూటిగా ఉంటుంది. అందరూ కట్టిన డబ్బు ఒకచోట పోగేసి, కమీషన్ తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. అక్కడ మీ పోటీ గుర్రాలతో కాదు, పక్కన క్యూలో నిలబడ్డవాడితో. గుర్రం గొప్పదని మీకు తెలిస్తే సరిపోదు, మిగతావాళ్లు అనుకుంటున్న దానికన్నా గొప్పదై ఉండాలి.

జనం ఎక్కడ తప్పుతారన్నది కూడా పాత సంగతే. అమెరికా రేసులను పరిశీలించి గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లోనే రాశాడు. గెలిచే అవకాశం తక్కువున్న గుర్రాల మీద జనం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ డబ్బు పెడతారు, ఫేవరెట్ల మీద, అంటే ఎక్కువమంది గెలుస్తాయనుకునే వాటి మీద, తక్కువ పెడతారు. గుర్రం ఎగరావచ్చు అన్న ఆశ మనకొక్కరికే లేదన్నమాట. చివరి రేసు వచ్చేసరికి పోగొట్టుకున్నదంతా ఒక్క దెబ్బతో లాగాలని రూపాయికి యాభై ఇస్తామనే గుర్రం వైపు చెయ్యి వెళ్తుంది. నా చెయ్యీ వెళ్లింది, ఒకసారి కాదు.

మరి ఫేవరెట్ల మీద వేస్తే సరి కదా అంటారా? ఇక్కడే మన దేశపు లెక్క అడ్డం పడుతుంది. మొదట్లో బెట్టు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. లాభం మీద కాదు, కట్టిన డబ్బు మీద. వంద రూపాయల బెట్టుకు జేబులోంచి 140 తీయాలి. రూపాయికి రూపాయి ఇచ్చే గుర్రం గెలిస్తే చేతికి వచ్చేది 200. పన్ను లేకపోతే అలాంటివి వందలో యాభై గెలిస్తే నష్టం ఉండదు. ఇప్పుడు డెబ్బై గెలవాలి. రూపాయికి రూపాయి గుర్రాలు వందకు డెబ్బై గెలిస్తే ఆ రేటు ఎవడిస్తాడు? ఆపైన గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను. పోయిన ఆదివారం పోగొట్టుకున్నది ఈ ఆదివారం గెలుపులోంచి తీసేసుకోవడానికి కూడా ఒప్పుకోరు.

విచిత్రమేమిటంటే గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించిన ఆట అని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. మద్రాసు రేస్ క్లబ్ కేసులో వచ్చిన తీర్పు అది. నేనూ ఒప్పుకుంటాను, కాకాది నైపుణ్యం కాదంటే ఎవరిదవుతుంది? కానీ నైపుణ్యం ఉండటం వేరు, పన్నులు, కమీషన్ల కోతను దాటేంత ఉండటం వేరు. హాంకాంగ్‌లో కంప్యూటర్ మోడల్‌తో రేసుల్లో కోట్లు గడించిన బిల్ బెంటర్ తన లెక్కలను మాత్రమే నమ్ముకోలేదు, జనం పెట్టిన రేటును కూడా మోడల్‌లో కలుపుకున్నాడు. అక్కడ విన్ పూల్‌లో, అంటే ఫలానా గుర్రం గెలుస్తుందని కట్టిన డబ్బంతా పోగయ్యే చోట, కోత 17.5 శాతం. మన దగ్గర 140లో 40 అంటే, టోట్ కమీషన్ మొదలవక ముందే 28 శాతం పైన పోయింది. బెంటర్ వచ్చి మలక్‌పేటలో కూర్చున్నా టీ తాగి వెళ్లిపోతాడని నా అనుమానం.

ఈ పన్నుతో జూదం తగ్గుతుందనుకుంటే అదీ నమ్మబుద్ధి కాదు. జీఎస్టీ లేని రేటు ఇస్తానంటూ ఫోన్లో బెట్లు తీసుకునేవాడు ఎప్పుడూ ఉంటాడు. వాడి దగ్గర టికెట్ ఉండదు, గెలిచాక డబ్బు ఇస్తాడన్న భరోసా ఉండదు, అప్పుకు మాత్రం కొదవ ఉండదు. ఇళ్లు గుల్లవుతున్నది అక్కడే.

పోయిన చలికాలం కాకాతో మళ్లీ వెళ్లాను. ఒక రేసులో ఫేవరెట్‌కు వందకు నలభై రేటు. ఓడే ప్రశ్నే లేదన్నాడు, వంద పెట్టాను. నిజంగానే మిగతావాటిని బాగా వెనక్కి నెట్టి గెలిచింది. కౌంటర్లో 140 ఇచ్చారు. నేను కట్టింది కూడా 140. కాకా నా చేతిలోని నోట్లు చూసి, ఏమీ అనకుండా తర్వాతి రేసు పేజీ తిప్పాడు. ఆయన మాత్రం ఆ రోజు ఒక్క టికెట్ కూడా కొనలేదు.