ఆవకాయ ఎక్కే బండి

(లండన్ శివార్లలో ఓ ఇల్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న కూతురి దగ్గరికి ప్రయాణం. టికెట్లు ఇంకా కొనలేదు, గొడవ మాత్రం మొదలైంది.)

సుబ్బారావు: సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో యూరోస్టార్ రైలెక్కితే రెండు గంటల్లో బ్రస్సెల్స్, అక్కడ బండి మారితే కొలోన్ మీదుగా ఇంకో మూడు గంటలు, దిగితే ఊరి నడిబొడ్డు!

కామాక్షి: విమానంలో గంటన్నరండీ. గంటన్నర!

సుబ్బారావు: గాల్లో గంటన్నర. ఎయిర్‌పోర్టుకి పోవడం, క్యూలో నిలబడి బెల్టు విప్పడం, మళ్లీ పెట్టుకోవడం, అవన్నీ ఎవరి ఖాతా? పైగా నువ్వు చూసిన చవక టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ ఎయిర్‌పోర్టుకి. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉందని మురిసిపోకు, ఊరికి దాదాపు 120 కిలోమీటర్లు. హైదరాబాద్ అని చెప్పి వరంగల్లో దింపినట్టు.

కామాక్షి: మొదటి రైలు లేటై రెండోది వెళ్లిపోతే బ్రస్సెల్స్ ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకోవాలా?

సుబ్బారావు: అందుకే మొత్తం ఒకే టికెట్‌గా దొరుకుతుందేమోనని వెతుకుతున్నా. అలా కొంటే తర్వాతి బండి ఎక్కించే బాధ్యత వాళ్లదే, యూరప్‌లో రూలది. విడివిడిగా కొంటే మన ఖర్మ. గంట లేటైతే టికెట్ డబ్బులో 25 శాతం వెనక్కిస్తారు, రెండు గంటలైతే 50.

కామాక్షి: అంటే మీరు ఎక్కేది లేటు కోసమన్నమాట.

సుబ్బారావు: సముద్రం కిందనుంచి పోయే 50 కిలోమీటర్ల సొరంగం, కామూ! 1994లో తెరిచారు.

కామాక్షి: అందులోంచి ఏం కనిపిస్తుంది?

సుబ్బారావు: ...చీకటి.

కామాక్షి: దానికి ఇన్ని పౌన్లా!

సుబ్బారావు: సరే, విమానమే. పిల్ల అడిగిన ఆవకాయ చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్ల డబ్బాలో పట్టినంత పట్టుకెళ్దాం. అంతకన్నా పెద్ద డబ్బాని వదిలే కొత్త స్కానర్లు ఆ ఎయిర్‌పోర్టులో ఉన్నాయో లేదో.

(వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.)

కామాక్షి: పెద్ద బ్యాగులో వేస్తే?

సుబ్బారావు: దానికి మళ్లీ డబ్బు. పైగా కిందటిసారి నీ గద్వాల చీర మీద నూనె...

కామాక్షి: ఆ ఊసెత్తకండి. రైల్లో?

సుబ్బారావు: మిల్లీలీటర్ల లెక్కే లేదు. జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చో.

కామాక్షి: నెయ్యి?

సుబ్బారావు: పాలు, నెయ్యి, మాంసం ఇక్కణ్ణించి అటు పట్టుకెళ్లకూడదు. ఏ బండెక్కినా అంతే.

కామాక్షి: సర్లెండి, నెయ్యి అక్కడే కాచుకుంటుంది. రైలుకే కొనండి. వెళ్లడానికి మాత్రమే.

సుబ్బారావు: మరి రావడానికి?

కామాక్షి: అప్పుడు జాడీ ఉండదుగా, నేను విమానంలో వస్తా. మీరు ఆ చీకటి చూసుకుంటూ నెమ్మదిగా రండి.

సుబ్బారావు: నిజంగానా?

కామాక్షి: మరీ అంత సంబరపడకండి. సూట్‌కేసులు రెండూ మీతోనే వస్తాయి.