వాటర్ క్యాన్ ముక్క కట్టినంత మాత్రాన గాలి హోరు పోదు

నెల రోజులుగా మా నల్లగొండలో బండి నడిపేవాళ్ల ఫోన్లన్నింటికీ ఒక వీడియో చేరుతోంది. అందులో ఒకాయన ఇరవై లీటర్ల పాత వాటర్ క్యాన్‌ను కోసి, వేడినీళ్లలో ముంచి వంచి, బైక్ ముందు గాలిని ఆపే అద్దం (విండ్‌షీల్డ్) పైఅంచుకు డబుల్ టేపుతో అతికిస్తాడు. చప్పుడు కొలిచే ఫోన్ యాప్‌లో అంకె తగ్గడం కూడా చూపిస్తాడు. కింద రాసిన మాటలు ఇవి: గాలి చప్పుడు 90 శాతం పోతుంది. అద్దం ఎంత ఎత్తుంటే అంత నిశ్శబ్దం. ఏ బండికైనా ఆరంగుళాల ముక్క చాలు. వంద స్పీడులోనూ ఊడదు. మైలేజీ పెరుగుతుంది. ఇక చెవుల్లో ప్లగ్గులు అక్కర్లేదు, అవి పెట్టుకుంటే హారన్ వినబడక ప్రమాదం.

తొమ్మిదేళ్లుగా నేను ఉద్యోగరీత్యా వారానికి నాలుగు రోజులు నార్కట్‌పల్లి నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద బండి నడుపుతున్నాను. రెండేళ్లుగా రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఎడమ చెవిలో సన్నగా గుయ్‌మని మోత వినిపిస్తుంది. అది పోదని చెవి డాక్టరు చెప్పాడు. అందుకే ఈ వీడియోను చూసి ఊరుకోలేకపోతున్నాను. ఇంట్లో చేసుకున్న వస్తువు మీద నాకు చిన్నచూపు లేదు. నేనూ చేసుకున్నాను, సరిగ్గా చేస్తే పని చేస్తుంది కూడా. నా అభ్యంతరమల్లా దాని పేరు చెప్పి తిప్పుతున్న మాటల మీదే.

"అద్దం ఎంత ఎత్తుంటే అంత నిశ్శబ్దం." అసలు తప్పంతా ఇక్కడే ఉంది. అరవై, డెబ్బై దాటాక మనకు వినబడేది ఇంజను కాదు, గాలి. ఆ గాలి హెల్మెట్‌కు సాఫీగా తగిలితే సుయ్‌మని ఒకే తీరుగా మోగుతుంది. అద్దం అంచు దాటి వచ్చిన గాలి అలా ఉండదు. అంచు మీదుగా దూసుకుపోయే గాలి, అద్దం వెనక దాదాపు ఆగిపోయిన గాలి ఒకదాన్నొకటి ఒరుసుకుని సుడులు తిరుగుతాయి. సాగర్ ఎడమ కాలువ మీద ఏ వంతెన దగ్గరైనా నిలబడి చూడండి. స్తంభం దాకా నీళ్లు నెమ్మదిగా వస్తాయి, సుడులన్నీ స్తంభం దాటాకే మొదలవుతాయి. అద్దం వెనక మన తల ఉన్నది సరిగ్గా ఆ సుడుల చోటే.

ఆ సుడులు గడ్డం కింద, మెడకూ హెల్మెట్‌కూ మధ్య ఉన్న సందులో కొట్టినప్పుడు దబదబమని బరువైన మోత పుడుతుంది. హెల్మెట్ లోపలి థర్మాకోలు, స్పాంజి సన్నటి కీచు చప్పుళ్లను కొంత ఆపుతాయి కానీ ఈ బొంగురు మోతను ఆపలేవు. కాబట్టి అద్దం అంచు బాగా కింద ఉండి గాలి ఛాతీకి తగిలితే తలకు శుభ్రమైన గాలి అందుతుంది. అంచు బాగా ఎత్తుగా ఉంటే తల గాలికి చాటున ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్నదే అన్నింటికన్నా చెడ్డ ఎత్తు. పొట్టి అద్దం ఉన్న బండికి ఆరంగుళాలు కలిపితే చాలాసార్లు తల తిన్నగా ఆ మధ్యలోకి వచ్చి పడుతుంది. ముక్క హోరును మాయం చేయదు, అది తగిలే చోటును మారుస్తుంది. మారిన చోటు మన తలకు పైన పడిందా, గడ్డం కింద పడిందా అన్నదే ప్రశ్న.

ఇది నాకు పుస్తకంలో దొరకలేదు, మా బామ్మర్ది చూపించాడు. నా కన్నా నాలుగంగుళాలు పొడుగు. ఒక ఆదివారం నా బండే, నా హెల్మెటే పెట్టుకుని నకిరేకల్ నుంచి సూర్యాపేట దాకా వచ్చాడు. దిగి, "ఏంది బావా, మోత మోత అంటవు, దీంట్ల మోతేముంది? మంచిగనే ఉంది గద" అన్నాడు. తిరుగు దారిలో నేను ఎక్కాను. అదే డెబ్బై స్పీడు, నాకు తల దిమ్మెక్కింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట రెండంగుళాలు ముందుకు వంగాను, హోరు చప్పున తగ్గింది. వీపు నిటారుగా చేసి కూర్చున్నాను, మళ్లీ దబదబ. ఫుట్‌రెస్టుల మీద కొంచెం పైకి లేచాను, దబదబ పోయి సుయ్ మాత్రం మిగిలింది. ఒకే అద్దం, ఒకే హెల్మెట్, మూడు రకాల చప్పుళ్లు. మా వాడి తల సుడులకు పైన ఉంది, నాది వాటి నడుమ. ఇక "ఏ బండికైనా ఆరంగుళాలు" అన్న కొలత ఎవరి మెడకు సరిపోతుంది?

"90 శాతం తగ్గింది, యాప్‌లో చూడండి." వీడియోలో ఆ ఫోన్ ఎక్కడుందో గమనించారా? హ్యాండిల్ మీది హోల్డర్లో, సరిగ్గా అద్దం వెనక. ముక్క కట్టగానే గాలి పడకుండా చాటు దొరికింది ఫోన్ మైకుకు, మనిషి చెవికి కాదు. మైకు మీద నేరుగా గాలి కొడితే ఆ కొట్టుడునే అది పెద్ద చప్పుడుగా రాసుకుంటుంది. కనుక ఆ అంకె తగ్గడం సహజం. మన చెవి అక్కడికి రెండడుగుల వెనక, పైన, హెల్మెట్ లోపల ఉంది. పోనీ అంకె నిజమే అనుకుందాం. చప్పుడు శక్తి 90 శాతం తగ్గడమంటే పది డెసిబెల్స్ తగ్గడం. చెవికి అది దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది, పదో వంతుకు పడిపోయినట్టు కాదు.

"వంద స్పీడులోనూ ఊడదు." వంద కిలోమీటర్ల వేగంలో అడుగు వెడల్పు, ఆరంగుళాల ఎత్తు ఉన్న ముక్క మీద గాలి తోపు సుమారు రెండు కిలోల బరువంత ఉంటుంది. అదీ కుదురుగా తోయదు, ఊపుతూ తోస్తుంది. లారీ పక్కనుంచి పోయినప్పుడు ఒక్క క్షణం అటు గుంజి ఇటు వదులుతుంది. దీనికి మన ఎండను కలపండి. మే నెలలో 45 డిగ్రీలు చూసే జిల్లా మనది. మధ్యాహ్నం బండిని ఎండలో పెట్టి వస్తే డబుల్ టేపు జిగురు వేలికి సాగుతూ వస్తుంది. నా మొదటి ముక్కను అలాగే అతికించాను. సూర్యాపేటలో మూడు గంటలు ఎండలో నిలిపిన రోజు, కొర్లపహాడ్ టోల్ దాటాక ఎడమ మూల లేచి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కకు తీసి ఆపేలోపే ఊడి నా భుజానికి తగిలి వెనక్కి పోయింది. అదృష్టం, వెనక ఎవరూ లేరు. కొంచెం దూరం నడిచి వెనక్కి వెళ్లి ఆ ముక్కను తెచ్చుకున్నాను. కత్తెరతో కోసిన అంచు బ్లేడులా ఉంది. నేను దాన్ని గొంతు ఎత్తులో బిగించుకుని తిరిగాను.

అందుకే కట్టుకోదలిచినవాళ్లకు చెప్పేది ఇంతే. టేపు, ఫెవిక్విక్ వద్దు. రబ్బరు వాషర్లు వేసి నట్టూ బోల్టూ బిగించండి. అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీసి పైన చీల్చిన రబ్బరు గొట్టం తొడగండి. షీటు కొంటే పాలికార్బొనేట్ అడిగి తీసుకోండి, అక్రిలిక్ దెబ్బ తగిలితే పెంకులుగా పగులుతుంది. పాలికార్బొనేట్ మీద పెట్రోలు పడనివ్వకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. ముక్క పైఅంచు కంటిచూపుకు కింద ఉండాలి. గీతలు పడ్డ ప్లాస్టిక్ గుండా చూస్తే రాత్రి ఎదురొచ్చే లైట్లు చెదిరి రోడ్డే కనబడదు.

వీడియోలో అసలు ఎత్తనే ఎత్తని సంగతి ఒకటుంది, అది పాలమూరు వైపు తిరిగేవాళ్లకు బాగా తెలుసు. జూన్, జులైలో పడమటి గాలి లేచినప్పుడు 44వ నంబరు రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెన ఎక్కితే కృష్ణ మీద గాలి పక్కనుంచి ఒక్కసారిగా తోస్తుంది. అద్దం హెడ్‌లైట్ డూమ్‌కో బాడీకో బిగించి ఉంటే ఆ తోపు బండి మొత్తం మీద పడుతుంది. హ్యాండిల్‌కే బిగించిన అద్దమైతే ఆ తోపు నేరుగా స్టీరింగులోకి వస్తుంది. దానికి ఇంకో ఆరంగుళాలు కలిపితే హ్యాండిల్ తిప్పే చెయ్యి మనది ఒక్కటే కాదు, గాలిది కూడా. మీ అద్దం హ్యాండిల్ మీద ఉంటే ఆ కాలంలో ముక్కను విప్పి ఇంట్లో పెట్టండి.

మైలేజీ మాటకు ఎక్కువ చెప్పనవసరం లేదు. గాలికి ఎదురయ్యే వెడల్పు పెంచి పెట్రోలు మిగులుతుందని ఆశించడం తలకిందుల లెక్క. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి స్పీడు పది తగ్గిస్తే మిగిలేదే మిగులు.

"చెవుల్లో ప్లగ్గులు అక్కర్లేదు, అవే ప్రమాదం." నాకు అన్నింటికన్నా బాధ కలిగించిన మాట ఇది. హెల్మెట్ లోపల కొలిచిన పరీక్షల్లో వంద కిలోమీటర్ల వేగం దగ్గర హోరు 95 నుంచి 100 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుందని తేలింది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. నార్కట్‌పల్లి నుంచి కోదాడకు ఎంత తొందరగా పోయినా గంట పడుతుంది. లోపలి చెవిలో చప్పుడును పట్టే సన్నటి వెంట్రుక కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. క్యాన్ ముక్క బాగా కుదిరినా ఈ లెక్కను తీర్చలేదు.

హారన్ వినబడదనే భయం అర్థం చేసుకోదగినదే. కానీ స్పాంజి ప్లగ్గు హోరునూ హారన్‌నూ కలిపి తగ్గిస్తుంది. హోరు మీద హారన్ ఎంత ఎత్తున వినబడేదో ప్లగ్గు పెట్టాకా దాదాపు అంతే ఎత్తున వినబడుతుంది, రెండూ నెమ్మదిగా వినబడతాయి. ఊళ్లోకి వచ్చాక తీసేయండి. దూది కుక్కుకుంటే సరిపోతుందని మా దగ్గర చాలామంది నమ్మకం. పొడి దూది దాదాపు ఏమీ ఆపదు. ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి గుంజి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. అలా పట్టుకోకపోతే అది బయటికి జారుతుంది, ప్లగ్గు పని చేయలేదని మనం అంటాం. ఇయర్‌ఫోన్లు వేరే సంగతి. హోరును మించి పాట వినబడాలని వాల్యూమ్ పెంచితే చెవి మీద రెండు దెబ్బలు.

హెల్మెట్ లోపల అదనంగా స్పాంజి కుక్కే ఉపాయం కూడా కొందరు చెబుతున్నారు. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న హెల్మెట్ తలకు ఎలా పట్టాలో అలా పట్టేట్టు చేసింది. దాన్ని వదులుగానో ఎత్తుగానో మార్చితే పడ్డప్పుడు అది చేయాల్సిన పని చేయదు. బదులుగా ఒక దస్తీని మెడ చుట్టూ చుట్టి, కొసలు చొక్కాలోకి దోపి, గడ్డం కింది సందును మూయండి. సుడులు దూరే తలుపు అదే. నాకు క్యాన్ ముక్క కన్నా దస్తీయే ఎక్కువ పని చేసింది. దాంతోపాటు వందకు బదులు ఎనభైలో పోతే హోరు నాలుగైదు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. నాలుగు లేన్ల రహదారి మీద మోటారు సైకిళ్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం కూడా ఆ ఎనభయ్యే.

క్యాన్ కోయకముందు ఇది చేసి చూడండి. మీ అద్దం బోల్టులు విప్పి తీసేసి, రద్దీ లేని ఉదయం పూట చిట్యాల నుంచి నార్కట్‌పల్లి దాకా మీరు రోజూ పోయే స్పీడులోనే ఒకసారి పొండి. ఛాతీకి గాలి గట్టిగా తగులుతుంది, దాన్ని పట్టించుకోకుండా చెవి మీద మనసు పెట్టండి. హోరు తగ్గితే దోషం మీ అద్దం అంచుది, ఇంకో ముక్క కలిపితే సుడులు ఇంకోచోటికి జరుగుతాయంతే. అప్పుడు పై బోల్టుల వెనక రెండు వాషర్లు వేసి వాలు మార్చండి, కింద హెడ్‌లైట్ దగ్గర వేలెడు సందు వదలండి. ఆ సందులోంచి వచ్చే గాలి అద్దం వెనక ఏర్పడే గుంజుడును తగ్గిస్తుంది, సుడులూ మెత్తబడతాయి. నా బండికి ఎడమ రెండు, కుడి రెండు, నాలుగు వాషర్లతో పని అయిపోయింది. కోసిన క్యాన్ ముక్క ఇప్పుడు మా పెరట్లో తులసి కుండీ కింద ఉంది.