పావు వంతు అన్నం

అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో సుమారు 60 క్రెడిట్లతో, రెండేళ్లలో పూర్తయ్యే అసోసియేట్ డిగ్రీలు అనేకం ఉన్నాయి. వాటిలో సామాజిక ఆరోగ్య ప్రోత్సాహానికి సంబంధించిన దానిని మా ఆవిడ ఎంచుకుంది. జబ్బు చేశాక మందివ్వడం డాక్టర్ల పని, జబ్బు రాకుండా జనం అలవాట్లు మార్చడం తమ పని అని ఆ చదువు చెబుతుంది. రెండింటిలో మందివ్వడమే తేలికని నా అభిప్రాయం. డాక్టరు ముందు నోరు మెదపని మనవాళ్లు ఉచితంగా సలహా ఇచ్చేవారు దొరికితే ఊరికే వదలరు.

ఈ సెమిస్టరు ప్రాజెక్టు ఏమిటంటే, తమ సమాజంలోని కొందరిని కూర్చోబెట్టి ఒక ఆరోగ్య విషయం బోధించాలి, వారికి ఎంత అర్థమైందో వారి చేతనే చేసి చూపించమనాలి, ఫోటోతో సహా నివేదిక సమర్పించాలి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం కనుక తెలుగువారిని వెతుక్కోనక్కరలేదు. విజిటర్ వీసా మీద వచ్చి, కారు నడపడం రాక నాలుగు గోడల మధ్య విసిగిపోతున్న తల్లిదండ్రులు, భోజనం కూడా ఉందని తెలియగానే, పిలిచిన వేళ కన్నా ముందే మా ఇంటికి విచ్చేశారు.

పాఠం మైప్లేట్ గురించి. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో విడుదల చేసిన ఈ బొమ్మలో పళ్ళెం సగం కూరగాయలకూ పండ్లకూ, పావు వంతు ధాన్యాలకూ, మిగిలిన పావు మాంసకృత్తులకూ కేటాయించి, పక్కన ఒక చిన్న గుండ్రంలో పాల పదార్థాలు చూపించారు. మా ఆవిడ కాగితం పళ్ళేల మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, కొలతలు వివరించి, "ఇప్పుడు ఎవరైనా వడ్డించుకుని చూపిస్తారా?" అని అడిగింది. గుంటూరు నుంచి వచ్చిన విశ్రాంత లెక్కల మాస్టారు లేచారు.

ఆయన అన్నాన్ని పావు గీత లోపలే పెట్టారు. గీత దాటి ఒక్క మెతుకు కూడా పోలేదు, కాని హస్తంతో మెత్తి మెత్తి, జానెడు ఎత్తు గోపురంలా నిలబెట్టారు.

"బాబాయిగారూ, అది పావు వంతు కాదండీ!" అంది మా ఆవిడ.

"నువ్వు చెప్పింది వైశాల్యం, అమ్మాయ్. ఘనపరిమాణం సంగతి బొమ్మలో ఎక్కడుంది?" అన్నారాయన.

బొమ్మలో నిజంగానే లేదు. అంతటితో ఊరుకోక, కూరగాయల భాగంలో బంగాళాదుంప వేపుడు నింపారు. బంగాళాదుంపను ఆ శాఖవారే కూరగాయల పట్టికలో చేర్చారని, అదే పాఠంలో విన్నది గుర్తుచేశారు. పండ్ల భాగంలో ఆవకాయ వేసి, మామిడి పండు కాకపోతే మరేమిటని ఎదురు ప్రశ్నించారు. పప్పు మాంసకృత్తుల కిందకే వస్తుంది కనుక అక్కడ పేచీ లేదు, దాని మీద పోసిన నెయ్యి మాత్రం పాల పదార్థమట.

మిగిలినవారంతా మాస్టారి పద్ధతినే అనుసరించారు. "ఒక టీస్పూను ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, పెద్దలకు రోజు మొత్తానికీ పరిమితి అంతే" అన్న రెండవ పాఠం ఆవకాయ జాడీ చేతులు మారుతున్న సందడిలో కలిసిపోయింది. రక్తపోటు చూసే ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలన్న నియమం పాటించగలిగినవారు లేకపోవడంతో, అరువు తెచ్చిన మిషను సంచీలోంచి బయటకే రాలేదు.

ప్రశ్నావళిలో "ఇకపై అన్నం పావు వంతుకే పరిమితం చేస్తారా?" అన్నదానికి అందరూ అవుననే గుర్తు పెట్టారు. ఫోటో తీసే బాధ్యత నాది. పళ్ళెం పూర్తిగా కనిపించాలని మా ఆవిడ చెప్పినందువల్ల, కుర్చీ ఎక్కి నిట్టనిలువుగా పైనుంచి తీశాను.

ప్రొఫెసరుగారు ఆ ఫోటో పక్కన "కొలతలు అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి" అని రాసి, వచ్చే సెమిస్టరు విద్యార్థులకు నమూనాగా చూపించడానికి అనుమతి అడిగారు.