చలికాలపు కథను ఎండాకాలంలో తెరిస్తే

అలాస్కా నడిగడ్డన, యూకాన్ నది, దాని ఉపనది కోయుకుక్ ఒడ్డుల్లో ఉండే కోయుకాన్ జనం పాతకాలపు కథలు ఎండాకాలంలో చెప్పుకోరు. చలి దిగాలి, రాత్రులు సాగాలి. కథ అయ్యాక పెద్దలు అనే మాట ఒకటుంది: చలికాలం ఇప్పుడే మొదలైందనుకున్నా, అప్పుడే కొంత కొరికేశాను అని. మనం కథను కంచికి పంపి ఊరుకుంటాం. వాళ్ల కథకు ఇంకా పనుంది, చలిని అరగదీయాలి. ఎంతో దూరాన అరిజోనా, న్యూమెక్సికోల్లో ఉండే నవాహోలదీ ఇదే అథబాస్కన్ భాషా కుటుంబం. వాళ్లూ కొయోటీ నక్క కథలు చలికాలంలోనే చెప్పుకుంటారు.

పుస్తకానికి ఈ పట్టింపులేవీ ఉండవు. జూలైలోనూ తెరుచుకుంటుంది. ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టేవాళ్లు లేకపోయినా దానికి ఫర్వాలేదు. అలాగని రాయకుండా ఉండాల్సిందని నేననను. సొంత భాష మాట్లాడితే పిల్లల్ని దండించిన బడులు తాతకూ మనవడికీ మధ్య తీగ తెంపేశాయి. 2014లో అలాస్కా 20 స్థానిక భాషలకు అధికార హోదా ఇచ్చింది. వాటిలో 11 అథబాస్కన్‌వే. అప్పటికే వాటిలో కొన్ని గుప్పెడు మంది ముసలివాళ్ల నోళ్లలోనే మిగిలాయి. కాబట్టి రాయాలా వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. రాసేదెవరు, ఏ భాషలో అన్నదే ఇప్పుడు అడగాల్సింది.

జూల్స్ జెట్టే అనే జెసూట్ మతగురువు 1898లో అక్కడికి వెళ్లి, ఏళ్ల తరబడి కోయుకాన్ మాటలూ కథలూ రాసుకున్నాడు. పొడుపు కథలు కూడా పోగేసి 1913లో అచ్చువేశాడు. అందులో ఒకటి: ‘ఆగు, నాకేదో కనబడుతోంది. ఎర్ర పడవల్లో మేం ఏటికి ఎదురొస్తున్నాం.’ విప్పితే, గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదుకొచ్చే సాల్మన్ చేపలు! మతం మార్చడానికి వచ్చినవాడే ఇంత ఓపిగ్గా విన్నాడన్నది ఒప్పుకోవాలి. ఆయన వదిలివెళ్లిన రాతప్రతుల మీద కోయుకాన్ ఇంటి ఆడపడుచు ఎలైజా జోన్స్ దశాబ్దాలు పనిచేస్తే, 2000లో పెద్ద నిఘంటువు వెలువడింది.

హుస్లియా ఊరి కేథరిన్ అట్లా చెప్పిన కథలను కాగితం మీద పెట్టిందీ ఈ ఎలైజాయే. 1983లో వచ్చిన ఆ పుస్తకం పేరు ‘మా తాత చెప్పినట్టు’. కోయుకాన్, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. చెప్పింది వాళ్లే, రాసిందీ వాళ్లే. అలాస్కా దక్షిణ తీరాన కెనాయ్ ద్వీపకల్పంలో పీటర్ కలిఫోర్న్‌స్కీ ఇంకో అడుగు ముందుకేశాడు. (కాలిఫోర్నియా వెళ్లొచ్చిన పూర్వీకుడి వల్ల వచ్చిన ఇంటిపేరది.) తన దెనైనా భాషను (ఇదీ అథబాస్కనే) రాయడం ఆయన అరవై దాటాక నేర్చుకున్నాడు. తెలిసిన కథలన్నీ తన చేత్తోనే రాసుకుంటూ పోయాడు. 1991లో పుస్తకం చేతికొచ్చింది, 1993లో ఆయన పోయాడు.

మూలభాష పక్కనే ఉండాలని ఎందుకు పట్టుబట్టడం? నవాహో కథలో మాటిమాటికీ ‘జినీ’ అని వస్తుంది. మన ‘అట’ అచ్చంగా అదే: వచ్చాడట, చూశాడట. నేను చూడలేదు, పెద్దలు చెప్పగా విన్నాను అన్న నిజాయితీ ఆ చిన్న ముక్కలో ఉంది. ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ దాన్ని తగిలిస్తే చాదస్తంగా ఉంటుందని అనువాదకులు కత్తిరించేస్తారు. అలాస్కా భాషల్లో దిక్కులు కూడా నదిని బట్టే: ఎగువకు, దిగువకు, నీటి వైపు, గట్టు వైపు. వాటిని ఉత్తర దక్షిణాలుగా మార్చారో, కథలోంచి ఏరు మాయం.

అలాస్కాలోని మరో అథబాస్కన్ జనం గ్విచిన్. ఆ గ్విచిన్ రచయిత్రి వెల్మా వాలిస్ అమ్మ నోట విన్న ఇద్దరు ముసలమ్మల కథను ఇంగ్లీషులో రాసి 1993లో ప్రచురించింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. దానివల్ల కథ లోకానికి తెలిసింది, భాషకు మాత్రం ఒక్క వాక్యమూ కలిసిరాలేదు. అది ఆమె తప్పని కాదు, ఆమె పెట్టుకున్న పని వేరు. భాషను కాపాడే పుస్తకాల లెక్కలో దాన్ని వేయకూడదంతే.

ఇప్పుడు రికార్డింగులు కూడా ఇంటర్నెట్‌లోకి ఎక్కుతున్నాయి. గొంతు తిరిగొచ్చింది, సంతోషం. కాలం సంగతే ఇంకా తేలలేదు. జూలైలో ఎవరైనా ఫైలు తెరవబోతే, ‘ఇది చలికాలంలో చెప్పుకునే కథ’ అని తెర మీద ఒక్క ముక్క కనబడితే నాకు చాలు. వినాలో, మంచు పడేదాకా ఆగాలో వాళ్లే తేల్చుకుంటారు.