అయిదుగురికి నాలుగు ముక్కలు

మనిషిలోని మొహమాటాన్ని కొలిచే పరికరం ఇంకా ఎవరూ కనిపెట్టలేదని చాలాకాలం అనుకునేవాణ్ణి. పోయిన శనివారం డాలస్ పక్కన ఫ్రిస్కోలో దాన్ని కళ్ళారా చూశాను. నల్లగా, గుండ్రంగా, అరచేతికంటే కాస్త పెద్దగా ఉంది. దాని మీద పుట్టగొడుగుల క్రోకెతాలు, అంటే వేయించిన బోండాల్లాంటివి, నాలుగు ఉన్నాయి. మేము అయిదుగురం.

సందర్భం చెప్పాలి. మా బావమరిదికి ఐ-140, అంటే గ్రీన్ కార్డు దారిలో ఒక మెట్టు, అప్రూవ్ అయింది. గ్రీన్ కార్డు చేతికొచ్చేసరికి వాడి కొడుక్కి పెళ్ళీడు వస్తుందని, ఆ కొడుకు ఇంకా పుట్టనే లేదని అందరికీ తెలుసు. అయినా పార్టీ పార్టీయే. మా అత్తగారు, మామగారు గుంటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి నెలయింది. మామగారు నలభై ఏళ్ళుగా మిర్చి పండిస్తున్న రైతు. "లాటిన్ ఇన్‌స్పైర్డ్ టాపాస్ ప్లేస్ నాన్నా, స్పైసీగా ఉంటుంది, నీకు నచ్చుద్ది" అని బావమరిది ఊరించాడు. ధరలు రూపాయల్లోకి మార్చి చూడనని మామగారి దగ్గర పార్కింగ్‌లోనే మాట తీసుకున్నాం. ఆయన మాట మీద నిలబడే మనిషి.

లోపల చీకటి. మెనూ చదవడానికి అయిదు ఫోన్ల టార్చీలు వెలిగాయి. దూరం నుంచి చూసినవాళ్ళకి పొలంగట్టు మీద ఎలుకలు పట్టేవాళ్ళలా కనిపించి ఉంటాం. ఇంతలో ఒక అమ్మాయి వచ్చి, ఇంతకు ముందు ఎప్పుడైనా మా దగ్గర తిన్నారా అని అడిగింది. లేదన్నాం. "అయితే మా కాన్సెప్ట్ చెప్తాను" అంది. డెబ్బయ్యో ఏట తినడం ఎలాగో మొదటినుంచి నేర్చుకోవాల్సి వస్తుందని మామగారు అనుకోలేదు. అయినా చేతులు కట్టుకుని, వ్యవసాయాధికారి ముందు కూర్చున్నట్టు శ్రద్ధగా విన్నారు.

కాన్సెప్ట్ ఏమిటంటే, ప్లేట్లు చిన్నవి. అందరూ పంచుకోవాలి. మనిషికి రెండు మూడు చొప్పున చెప్పుకోవాలి. ఏది ముందు తయారైతే అది ముందు వస్తుంది, వరస అడగకూడదు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. మా ఇంట్లో దోసెలు ముప్ఫై ఏళ్ళుగా అలాగే వస్తున్నాయి. ఒకటి వస్తుంది, పది నిమిషాలకు ఇంకోటి వస్తుంది. దాన్ని మేము ఏనాడూ కాన్సెప్ట్ అనలేదు. పెనం ఒకటే ఉంది అన్నాం.

అసలు టాపా అంటే స్పానిష్‌లో మూత. వైన్ గ్లాసులో ఈగ పడకుండా పైన ఒక రొట్టె ముక్కో హాము (పంది మాంసం) ముక్కో పెట్టేవారని, తాగేవాడు ఆ మూతని కూడా తినేసేవాడని ఒక కథ. 13వ శతాబ్దపు రాజు పదో అల్ఫోన్సోకి జబ్బు చేసినప్పుడు వైన్‌తో పాటు కాస్త కాస్త తినమన్నారని ఇంకో కథ. కథల సంగతి ఎలా ఉన్నా పద్ధతి మాత్రం ఇప్పటికీ ఉంది. స్పెయిన్‌లో గ్రనడా లాంటి ఊళ్ళలో డ్రింకు చెబితే టాపా ఊరికే ఇస్తారు. జనం నిలబడే తిని, ఇంకో బారుకి, అక్కణ్ణుంచి ఇంకో బారుకి పోతారు. ఉత్తరాన బాస్క్ వాళ్ళ దగ్గర రొట్టె ముక్కలకు పుల్లలు గుచ్చి ఉంటాయి. ఆఖర్న చాలాచోట్ల ఖాళీ పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. మన బండి దగ్గర "ఎన్ని ప్లేట్లు తిన్నారన్నా?" అని అడిగి, మనం చెప్పిన లెక్కే నమ్ముతారే, అలాంటిదే.

అంటే ఇది మనకు తెలియని విద్యేం కాదు. హైదరాబాద్‌లో దీన్ని చకనా అంటారు. మా వైపు స్టఫ్ అంటారు. కల్లు కాంపౌండులో గుడాలు అంటారు. వీటన్నిటికీ కలిపి తెలుగులో ఒక చక్కని క్రియ ఉంది, నంజుకోవడం. నంజుకోవడానికి పక్కన ఇంకేదో ఉండాలి. గ్లాసో, గిన్నెడు అన్నమో. ఆ ఇంకేదో తీసేసి, నంజుడు ఒక్కదాన్నే పదకొండు విడతలుగా తెచ్చిపెట్టి దానికి డిన్నర్ అని పేరు పెట్టిన బుర్ర ఎవరిదో గానీ, దండం పెట్టాలి. స్పెయిన్‌లో డ్రింకుతో ఊరికే వచ్చిన మూత సముద్రం దాటేసరికి పధ్నాలుగు డాలర్లయింది. దారిలో ఏం జరిగిందో కస్టమ్స్ వాళ్ళకే తెలియాలి.

ఇక లాటిన్ స్ఫూర్తి. మన సినిమాల మొదట్లో "యథార్థ సంఘటనల స్ఫూర్తితో" అని ఒక కార్డు పడుతుంది చూడండి, దానర్థం హీరో చివర్లో హెలికాప్టర్ నుంచి దూకితే మమ్మల్ని అడగొద్దని. ఇదీ అంతే. స్పెయిన్ బంగాళాదుంపలు, పెరూ సెవిచే (నిమ్మరసంలో నానేసిన పచ్చిచేప), అర్జెంటీనా ఎంపనాడా, క్యూబా అరటికాయ, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. స్పెయిన్ సామ్రాజ్యం మూడువందల ఏళ్ళు కత్తితో చేసిన పనిని ఈ హోటల్ ఒక ప్రింటర్‌తో చేసేసింది. ఎవరైనా పెరూ మనిషి వచ్చి ఇది మా సెవిచే కాదయ్యా అన్నాడనుకోండి, స్ఫూర్తి మాత్రమే సార్ అంటారు. స్ఫూర్తి చెఫ్‌ది, ఆకలి మాది.

మళ్ళీ ఆ నాలుగు క్రోకెతాల దగ్గరికి వద్దాం. ప్లేటు బల్ల మీద పెట్టగానే ఎవరూ కదల్లేదు. "తీసుకోండి మామయ్యగారూ" అన్నాను. "ముందు అమ్మాయికి పెట్టండి" అన్నారు. అమ్మాయి వాళ్ళమ్మకి పెట్టింది. అమ్మ కొడుక్కి పెట్టింది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు అబద్ధం ఆడాలి. మొదటి అబద్ధం నాది: "నాకు పుట్టగొడుగులు పడవు." రెండో ప్లేటుకి మావిడ, "మధ్యాహ్నం తిన్నదే అరగలేదు" అంది. మధ్యాహ్నం ఆవిడ తిన్నది ఒక అరటిపండు. మూడో ప్లేటుకి మామగారు, తగువెందుకు సగాలు చేద్దాం అని ఫోర్కుతో ఒకదాన్ని రెండుగా కోయబోయారు. క్రోకెతా అన్నదమ్ముల ఇల్లులాంటిది. మధ్యలో కోస్తే రెండు వాటాలు రావు, లోపలున్నదంతా బయటపడుతుంది.

మేము నలుగురం వెళ్ళాల్సింది అంటారా? నలుగురు వెళ్తే మూడే వస్తాయని అనుభవజ్ఞులు చెప్పారు. ముగ్గురు వెళ్తే నాలుగు వస్తాయట, ఆ మిగిలిన ఒక్కదాని కోసం జరిగే మర్యాదల్లో అది చల్లారి గట్టిపడుతుందట. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు సామెతలో చెప్పారు. ఇక్కడ కాకపోతే కడుపు ఖాళీ అవుతుంది.

అత్తగారి ఇబ్బంది వేరు. శనివారం ఆవిడ నీచు ముట్టరు. పైగా అయిదు ఫోర్కులు ఒకే ప్లేటులో తిరుగుతుంటే దాన్ని ప్రపంచం షేరింగ్ అంటుంది గానీ ఆవిడ భాషలో దానికి ఎంగిలి అని మూడక్షరాల పేరుంది. వడ్డించుకునే గరిటె ఇవ్వమని అడిగాం. ఒక చెంచా తెచ్చారు, పసిపిల్లలకు గ్రైప్ వాటర్ పట్టేంతది. నల్ల చిక్కుడుగింజల్లో ఏముందని అడిగితే, పూర్తిగా వెజిటేరియనే, రుచి కోసం కొంచెం హాము మాత్రం వేస్తాం అంది ఆ అమ్మాయి, ఏ మాత్రం తొణక్కుండా.

ఆవిడ ముఖం విప్పారింది ఒక్క ఎంపనాడా దగ్గరే. పాలకూర, చీజ్ కూరినది. ప్లేటు దగ్గరికి లాక్కుని, ఫోన్ లైటు వేయించి, కళ్ళజోడు పైకి తోసి దాని అంచు చూశారు. సన్నగా, వరసగా, జడ అల్లినట్టు మడతలు. వేలితో తడిమి, "ఇది చెక్కతో నొక్కింది కాదు, ఎవరో చేత్తో మడిచారు" అన్నారు. అచ్చం కజ్జికాయ. అర్జెంటీనాలో ఆ అంచు మడతని రెపుల్గే అంటారు. మాంసానికి ఒక మడత, చీజ్‌కి ఇంకో మడత, తుంచకుండానే లోపల ఏముందో తెలిసేలా. నేను ఆ మాట చెబితే, "మరి? కొబ్బరివి ఒక రకం, పప్పులవి ఒక రకం మేం చేసేవాళ్ళం కాదూ" అన్నారు అత్తగారు. ఆ రాత్రి మొత్తంలో ఎవరూ నటించకుండా తిన్నది అదొక్కటే. ఆవిడకి వంటింట్లోకి వెళ్ళి ఆ చేతులెవరివో చూడాలనిపించింది. కాన్సెప్ట్‌లో అది లేదు.

తర్వాత పతాతాస్ బ్రావాస్ వచ్చాయి. బ్రావా అంటే రౌద్రం. రౌద్ర బంగాళాదుంపలన్నమాట. మామగారు మంచినీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకుని, తువ్వాలు కోసం భుజం తడుముకుని, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. నమిలారు. కాసేపు ఎదురుచూశారు. నవరసాల్లో ఆయనకు తగిలింది శాంతం. "వస్తదిలే, దూరం నుంచి రావాలిగా" అన్నారు.

నిజానికి దూరం నుంచి వచ్చింది మనకే. మిరపకాయ పుట్టిల్లు లాటిన్ అమెరికా. 1492లో కొలంబస్ బయల్దేరింది మిరియాల కోసం, దొరికింది మిరపకాయ. పోర్చుగీసు ఓడల్లో అది మన తీరానికి చేరింది. బంగాళాదుంప, టమాటా, జీడిమామిడి, మొక్కజొన్న, సామర్లకోట సగ్గుబియ్యానికి మూలమైన కర్రపెండలం, అన్నీ అటునుంచి వచ్చినవే. ఒక రకంగా మా మామగారు ఆ రాత్రి వచ్చింది మేనమామ ఇంటికి. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునే గుంటూరు మిర్చి యార్డుకి నలభై ఏళ్ళు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలిన మనిషి అయిదువందల ఏళ్ళ తర్వాత బంధుత్వం కలుపుకుందామని వస్తే, మేనమామ చల్లని మజ్జిగైనా ఇవ్వకుండా పలచని టమాటా చారు ఐసులో పెట్టి ఇచ్చాడు. దానిపేరు గస్పాచో. తాలింపు లేదు.

అప్పుడు వచ్చాయి పద్రోన్ మిరపకాయలు. స్పెయిన్ వాయవ్య మూల గలీసియాలో పద్రోన్ అనే ఊరుంది. పచ్చివి, బొటనవేలంత, నూనెలో పొక్కించి పైన కల్లుప్పు చల్లుతారు. వాటి మీద అక్కడ ఒక సామెత, కొన్ని మండుతాయి, కొన్ని మండవు అని. ఏది మండుతుందో తినేదాకా తెలియదు. పరిచారిక ఆ మాట రహస్యం చెప్పినట్టు వంగి చెప్పింది. "బీ కేర్‌ఫుల్" అని మామగారిని ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా.

మామగారు ఒకటి తీసుకున్నారు. తొడిమ పట్టుకుని లైటు వైపు తిప్పారు. రెండు వేళ్ళ మధ్య నలిపారు. యార్డులో మచ్చు చూసేవాడి చూపు అది, నేను మొదటిసారి చూశాను. మనిషి పూర్తిగా మారిపోయాడు. కొరికి, గింజ నాలుక మీద పెట్టుకుని, "తాలు" అని తీర్పు చెప్పారు, అంటే నాసి కాయ అని. రెండోది తాలు. మూడోది తాలు. తోటకు నీళ్ళు ఎక్కువ పెట్టి ఉంటారని, లేత కాయ కోసేశారని కారణాలు కూడా చెప్పారు. మొత్తం తొమ్మిది కాయలు. ఎనిమిది అయిపోయాయి, ఒక్కటీ మండలేదు.

ఒకటి మిగిలింది. లెక్క ప్రకారం మండేది అదే అయ్యుండాలి. బల్ల చుట్టూ మళ్ళీ మొహమాటం మొదలైంది. ఈసారి రకం వేరు. "మీరు తీసుకోండి బావా." "వద్దులేరా, పార్టీ నీది." మామగారు మాత్రం ముట్టుకోనన్నారు. ఎనిమిది తాలు కాయలు చూశాక మచ్చు మీద నమ్మకం పోయిందట.

ఈలోగా బిల్లు వచ్చింది, చేతిలో పట్టుకునే ఒక చిన్న స్క్రీన్ మీద. పదకొండు ప్లేట్లు, 8.25 శాతం పన్ను, ఆ కింద మూడు పెద్ద గడులు: 20, 22, 25. వేరే అంకె వేసుకునే గడి కూడా ఉంది, రోడ్డు టెండరు నోటీసంత అక్షరాల్లో. ఆ అమ్మాయి పక్కనే నిలబడి గోడ మీది బొమ్మని చాలా ఆసక్తిగా చూస్తోంది. "ఇదేంట్రా, కమీషనా, హమాలీయా?" అని అడిగారు మామగారు. "సర్వీసు నాన్నా" అన్నాడు బావమరిది. "మరి తరుగు ముందే తీశారుగా" అన్నారాయన, ఖాళీ ప్లేట్ల వైపు చూస్తూ. మాటిచ్చినట్టే రూపాయల్లోకి మార్చలేదు. కళ్ళు మూసుకుని ఏదో లెక్కవేసి, "మూడున్నర టిక్కీలు" అన్నారు. "మనవైతే తేజా రకం, తాలు కాదు."

బావమరిది 20 నొక్కాడు. 25 నొక్కుదామని వేలు వెళ్ళి, వాళ్ళ నాన్న వంక చూసి వెనక్కి వచ్చింది.

లేవబోతుంటే పరిచారిక ఆ మిగిలిన మిరపకాయను చూపించి, ఇంకా దాని మీద పని చేస్తున్నారా అని అడిగింది. ఇక్కడ తినడాన్ని అలాగే అంటారు. లేదన్నాం. బాక్స్ కావాలా అంది. మేం వద్దనేలోపే అత్తగారు, డబ్బు పోసి కొన్నది పారేస్తారా అని తలూపారు. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ పట్టేంత బాక్సు తెచ్చి, మధ్యలో ఆ ఒక్క కాయ పెట్టి, మూత బిగించి, మీద తేదీ రాసి, సంచిలో వేసి ఇచ్చింది.

ఇవాళ గురువారం. ఆ బాక్స్ మా ఫ్రిజ్‌లో పెరుగు పక్కన ఉంది. నడిస్తే లోపల కాయ దొర్లిన చప్పుడు వచ్చేది కారులో, ఇప్పుడు రావట్లేదు, ఒక మూలకి అతుక్కున్నట్టుంది. ఇంట్లో అయిదుగురం రోజూ దాన్ని పక్కకు జరిపి పెరుగు తీసుకుంటున్నాం. నిన్న రాత్రి మంచినీళ్ళకని లేచి వెళ్తే, వంటింట్లో మామగారు ఫ్రిజ్ తలుపు తీసి, ఆ వెలుగులో మూత ఎత్తి చూస్తున్నారు. నన్ను చూడగానే మూసేసి, "మీరు తీసుకోండి అల్లుడుగారూ" అన్నారు.