11 కిలోమీటర్ల కోసం పుట్టిన ఇంజను

జపాను రైళ్ల గురించి తెలుగులో ఎవరు రాసినా షిన్‌కాన్‌సెన్ అనే బుల్లెట్ రైలుతో మొదలుపెట్టి, గంటకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని సెకన్ల ఆలస్యం అనే లెక్కలతో ముగిస్తారు. వేగాన్ని మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు గాని, ఒక దేశపు రైల్వే ఇంజనీర్ల పనితనాన్ని వేగంతోనే తూచే ఈ అలవాటు నాకు చాలాకాలంగా చిరాకు తెప్పిస్తోంది. నా మటుకు నాకు, అక్కడ తయారైన విద్యుత్ ఇంజన్లన్నిటిలోకీ తెలివైనది ఈఎఫ్63. ప్రయాణికుల రైలును గంటకు 38 కిలోమీటర్లు, గూడ్సును 25 కిలోమీటర్లు మించనివ్వకుండా కొండ దింపడమే దాని ఉద్యోగం.

ఆ కొండ పేరు ఉసుయి కనుమ. గున్మా ప్రాంతంలోని యోకోకావా స్టేషనుకూ, నగానో ప్రాంతంలోని కరుయిజావాకూ మధ్య రైలు దారి 11.2 కిలోమీటర్లే అయినా, ఆ కాస్త దూరంలోనే 550 మీటర్లకు పైగా ఎక్కాలి. ముంబయి నుంచి హైదరాబాదు వచ్చేటప్పుడు కర్జత్‌లో రైలును వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఇంజన్లు తగిలించడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ భోర్ ఘాట్‌లో 37 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ మార్గంలో వాలు 60కి ఒకటి. ఉసుయిలో 15కి ఒకటి.

ఇంత వాలులో ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం నిలుస్తుందని 1893లో ఎవరూ నమ్మలేదు. అందుకే పట్టాల నడుమ పళ్ల పట్టీ పరిచి, ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని కరచుకుంటూ పాకే ఆప్ట్ పద్ధతిని జర్మనీ నుంచి తెచ్చుకున్నారు. దారి పొడవునా 26 సొరంగాలు. ఆవిరి ఇంజను నత్తనడకన పైకి పోతుంటే దాని పొగే దాని వెంటపడి సిబ్బందిని ఉక్కిరిబిక్కిరి చేసేది. రైలు లోపలికి వెళ్లగానే సొరంగం ముఖద్వారానికి తెర లాగి, పొగ రైలు వెంట రాకుండా ఆపడానికే మనుషుల్ని పెట్టారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. ఈ బాధ పడలేకే 1912లో ఆ మార్గానికి కరెంటు ఇచ్చారు. జపాను ప్రభుత్వ రైల్వే తొలి విద్యుత్ ఇంజన్లు తోక్యో నగరానికి కాక, ఈ మారుమూల కనుమకు రావడానికి కారణం అదే. జర్మనీ నుంచి వచ్చిన ఈసీ40, తర్వాత స్వదేశంలో కట్టిన ఈడీ40, ఆపైన ఈడీ42, ఇవన్నీ ఆ పళ్ల పట్టీ మీద పాకినవే.

1963లో ఆ పట్టీని వదిలేసి, కేవలం చక్రాల పట్టుతోనే అదే 15కి ఒకటి వాలును ఎక్కడం మొదలుపెట్టారు. చుట్టు తిరిగి పోయే తేలిక దారి వేసుకునే అవకాశం ఉండి కూడా ఈ తెగువ చేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ తెగువకు ఆధారం ఈఎఫ్63. 1962 నుంచి 1976 వరకు కట్టినవి మొత్తం 25. ఒక్కొక్కటి 108 టన్నుల బరువు, 2,550 కిలోవాట్ల శక్తి. రెండేసి జంటగా పనిచేసేవి. ఆ జంట ఎప్పుడూ రైలుకు దిగువ వైపే ఉండేది. ఎక్కేటప్పుడు కింద నుంచి నెట్టాలి, దిగేటప్పుడు ముందుండి రైలు బరువంతా వీపు మీద మోస్తూ ఆపుకుంటూ రావాలి; ఎక్కడ కప్లింగు తెగినా పెట్టెలు జారిపోకూడదన్నది లెక్క. వాలులో బరువు దిగువకు ఒరుగుతుంది కనుక, అక్కడ చక్రాలన్నిటి మీదా సమానంగా పడేలా, సమతలం మీద కావాలనే బరువును అసమానంగా పంచారు. బ్రేకు పడిన చక్రం జారితే వేగం తప్పుగా చూపిస్తుంది కనుక, వేగం కొలవడానికే ఒక చిన్న విడి చక్రాన్ని అమర్చారు. అన్నీ విఫలమైతే పట్టాను అదుముకునే విద్యుదయస్కాంత బ్రేకు సరేసరి. కరుయిజావాకు ఎక్కడానికి 17 నిమిషాలు పడితే, దిగడానికి 24 నిమిషాలు పట్టేదన్న ఒక్క ముక్క చాలు, ఆ ఇంజను అసలు పని ఏదో తెలియడానికి.

వెళ్లే రైళ్లకూ నియమాలుండేవి. కనుమలో నెట్టుడుకు పెట్టెలు ఎగిరిపడకుండా ఎయిర్ స్ప్రింగుల్లో గాలి తీసేసేవారు. కొన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్ల మోటార్లు ఈఎఫ్63తో కలిసి పనిచేసేలా మార్చాక, 8 పెట్టెలు దాటని రైలు 12 పెట్టెలకు పెరిగింది. ఎక్కేటప్పుడు శక్తినిచ్చే డ్రైవరు చిట్టచివర ఉంటే, సిగ్నల్ చూసి చెప్పే డ్రైవరు మొదట్లో ఉండేవాడు. ఆ ఇద్దరి మధ్య ఉండవలసిన నమ్మకం ఎంతటిదో ఆలోచించండి. (ఇంజన్లు తగిలించే ఆ కాసేపట్లోనే 1958 నుంచి యోకోకావా ప్లాట్‌ఫారం మీద మట్టికుండలో పెట్టిన కమామెషి అన్నం వేడివేడిగా అమ్ముడుపోయేది. కర్జత్ వడాపావ్‌కూ బ్యాంకర్ ఇంజన్ల ఆగుడే కలిసొచ్చింది కదా.)

ఇంత జాగ్రత్తలోనూ 1975 అక్టోబరు 28న, వెనక ఒక్క పెట్టె కూడా లేకుండా దిగుతున్న నాలుగు ఇంజన్లు అదుపు తప్పి పట్టాలు దిగి పడిపోయాయి. వాటిలో రెండు ఈఎఫ్63లు. వాటి స్థానంలో కట్టిన 24, 25 నంబర్లతోనే ఆ తరగతి ముగిసింది. ఈ ప్రమాదాన్ని దాచిపెట్టి ఈఎఫ్63ను పొగిడేవాళ్లంటే నాకు గిట్టదు. ఆ వాలు ఏ రోజూ మచ్చిక కాలేదు. ప్రతి దిగుడూ కొత్తగా గెలవవలసిందే.

1997 అక్టోబరు 1న తకసాకి నుంచి నగానోకు షిన్‌కాన్‌సెన్ మొదలైంది, అంతకు ముందురోజుతో ఉసుయి రైలు ఆగిపోయింది. ప్రతి రైలుకూ రెండు ఇంజన్లు, వాటి సిబ్బంది, వాటి మరమ్మతు ఖర్చు భరించలేమన్నది కారణం. ఆ లెక్క తప్పని నేను అనను. అయితే కరుయిజావా అవతలి పాత మార్గం షినానో రైల్వేగా బతికింది, ఇవతలిది యోకోకావా దాకా నడుస్తూనే ఉంది, మధ్యలోని ఈ 11 కిలోమీటర్లకు మాత్రం బస్సు మిగిలింది. దూరం వెళ్లేవారికి గంటకు పైగా కలిసొచ్చింది, పక్క ఊరికి వెళ్లేవారికి దారి తెగింది. వేగాన్ని కీర్తించే పోస్టుల్లో ఈ రెండో సగం ఎవరూ రాయరు.

1999లో యోకోకావా పాత ఇంజను షెడ్డును ప్రదర్శనశాలగా మార్చారు. అక్కడ ముందుగా శిక్షణ తీసుకుని పరీక్ష నెగ్గిన సామాన్యులు కూడా, పాత మార్గంలో మిగిలిన కొద్దిపాటి పట్టాల మీద నిజమైన ఈఎఫ్63ను తమ చేతులతో నడపవచ్చు. ఎప్పటికైనా నేను జపాను వెళితే బుల్లెట్ రైలు టికెట్టు తర్వాత సంగతి. ముందు ఆ బ్రేకు పిడి పట్టుకోవాలి.