సవరణ: మేనేజర్‌కి చెప్పినంత మాత్రాన క్లెయిమ్ వేసినట్టు కాదు

కాలిఫోర్నియా రెస్టారెంట్లలో పనిచేస్తూ గాయపడినవాళ్లు వేసే వర్కర్స్ కంపెన్సేషన్ (పనిలో గాయమైతే వైద్యం, పరిహారం ఇచ్చే బీమా) క్లెయిమ్ గురించిన గత పోస్టులో "30 రోజుల్లోగా మేనేజర్‌కి చెబితే క్లెయిమ్ వేసినట్టే" అని ఉంది. అది సరికాదు. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయడం మొదటి మెట్టే. డీడబ్ల్యూసీ-1 అనే క్లెయిమ్ ఫారం నింపి యజమానికి ఇస్తేనే క్లెయిమ్ వేసినట్టు. గాయం సంగతి తెలిసిన ఒక పనిదినంలోపు ఆ ఖాళీ ఫారం మీకు ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే.

ఈ తేడా చాలా పెద్దది. నింపిన ఫారం యజమానికి అందాక, క్లెయిమ్‌పై నిర్ణయం తేలేదాకా 10,000 డాలర్ల వరకు వైద్యం ఖర్చు యజమాని లేదా వాళ్ల బీమా సంస్థే భరించాలి. 90 రోజుల్లో తిరస్కరించకపోతే సాధారణంగా క్లెయిమ్ చెల్లుతుందనే చట్టం భావిస్తుంది. కాగే నూనె పడి చెయ్యి కాలినా వీసా టెన్షన్‌తో నోరు మెదపనివాళ్లున్నారు. దయచేసి భయపడకండి, ఇమ్మిగ్రేషన్ స్థితి ఏదైనా క్లెయిమ్ వేయొచ్చు. నింపిన ఫారం కాపీ మాత్రం దగ్గర ఉంచుకోండి.